రోజుకొక్క నట్టు

దసరాకు ముందు ఇల్లు దులుపుతూ వంటింటి అటక మీదున్న సామాన్లు కిందికి దించుతుంటే, అమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గుండిగ వెనకాల పాలపొడి డబ్బా ఒకటి దొరికింది. మూత బిగుసుకుపోతే చెంచా తోకతో లేపాను. లోపలి నుంచి కిరసనాయిలు, పాత గ్రీజు, జంగు కలిసిన వాసన గుప్పున వచ్చింది. ఈ ఖమ్మం ఫ్లాటులో, అగరొత్తులూ నేల తుడిచే మందూ తప్ప ఇంకో వాసన ఎరగని వంటింట్లో, ఆ వాసనకు నా ముఖం నాకు తెలియకుండానే వేడెక్కింది. డబ్బా మీద ఏదో పెళ్లి శుభలేఖ వెనకభాగం చింపి అన్నం మెతుకులతో అంటించిన చీటీ ఉంది. దాని మీద ఏడో తరగతి పిల్ల గుండ్రటి అక్షరాలు: "స్టీరింగ్ కింది నట్లు, ఆరు." ఆ పిల్లను నేనే.

మా ఊరు ఏన్కూరు దాటి అడవి వైపు తిరిగే దారిలో ఉండేది. ఉండేదంటే ఊరు ఇప్పటికీ ఉంది, నేను చెప్పే ఊరే లేదు. చలికాలమంతా కల్లాల్లో ఎండే మిర్చి ఘాటుకు బడికి పోయే పిల్లలం వరసగా తుమ్ముకుంటూ నడిచేవాళ్లం. ఎండలు ముదరకముందే అడవి నుంచి ఇప్పపువ్వు వాసన తీపిగా, కాస్త పులుపుగా, పాచిపని చేసుకునే వాకిళ్ల దాకా వచ్చేది. గూడేల నుంచి ఆడవాళ్లు చీపుళ్లు, తునికిపండ్లు, మోదుగాకు దొప్పల్లో తేనెపట్టు ముక్కలు తెచ్చి మా అరుగు మీద దించి, అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, పశువుల కొట్టం వైపు ఓసారి చూసి, "డ్రైవర్ తాత జీపు లేస్తదా ఎప్పటికన్న?" అని అడిగేవాళ్లు.

డ్రైవర్ తాతంటే మా నాయన నాయన. నేను పుట్టకముందు ఆ చుట్టుపక్కల ఉన్నది ఒక్క జీపేనట, అది మా తాతదేనట. నొప్పులొచ్చిన ఆడవాళ్లనూ, పాము కరిచిన మనుషులనూ వాగులు దాటించి భద్రాచలం దవాఖానాకు చేర్చేవాడట. ఆ జీపులోనే పుట్టి జీపు పేరే పెట్టించుకున్నవాడు ఒకడు ఉన్నాడని అమ్మ చెప్పేది గానీ నేను నమ్మలేదు. తాత పోయాక జీపు కొట్టంలో గేదెల పక్కన, పైన గడ్డిమోపులు మోస్తూ ఏళ్ల తరబడి నిలబడింది. నేను ఐదో తరగతిలో ఉండగా మా నాయన సాంబయ్య, ఆ రోజు దాకా నాగలి తప్ప మరేదీ విప్పి ఎరగని మనిషి, ఒక పొద్దున లేచి గడ్డిమోపులు దించి, ముందు చక్రం దగ్గర గొంతు కూర్చున్నాడు.

అందరూ మొదట్లో సంబరంగా వచ్చి చూశారు. ఎవరికి తోచిన సలహా వాళ్లు చెప్పారు. రెండు నెలలకు చూసేవాళ్లు అయిపోయారు. ఆరు నెలలకు నాయనకే విసుగు పుట్టింది. ఒక నట్టు ఊడదీస్తే నాలుగు విరిగేవి, బాగుందనుకున్న రేకు ఉప్పుకాగితం పెట్టి రుద్దితే చిల్లిపడేది. సత్తుపల్లిలో మెకానిక్ షెడ్డు నడిపే యాకూబ్ మామ, చిన్నప్పుడు మా తాత దగ్గర పని నేర్చుకున్నవాడు, అప్పుడే నాయనకు ఆ మాట చెప్పాడు.

"సాంబన్నా, బండిని మొత్తం చూడకు, గుండె జారుతది. రోజుకొక్క నట్టు చూడు. గంతే."

నాయన దాన్ని మంత్రంలా పట్టుకున్నాడు. పొలం నుంచి రాగానే కాళ్లు కడుక్కోకముందే కొట్టంలోకి పోయి ఒక్క నట్టు విప్పడమో, తుడవడమో, బిగించడమో చేసేవాడు. ఆ పని కానిదే సాయంత్రం చాయ్ తాగనని ఒట్టు పెట్టుకున్నాడు. మా నాయనకు అన్నం లేకపోయినా నడిచేది గానీ చాయ్ లేకపోతే నడవదు. మిరప నార్లు పోసే రోజుల్లో ఒళ్లు పులిసి వచ్చి, అరుగు మీద వాలిపోయి, చాయ్ వాసనకు లేచి, పానా పట్టుకొని కొట్టంలోకి ఈడ్చుకుంటూ పోయేవాడు. గ్లాసు మీద మూత పెట్టుకొని కూర్చున్న అమ్మ గొణిగేది.

"గా డొక్కుకు ఉపాసాలు పట్టినవా ఏంది? దేవునికి పట్టినా పుణ్యముండె."

విప్పిన ప్రతి ముక్కా ఎక్కడిదో మర్చిపోకుండా పేర్లు రాసే పని నాది. పాలపొడి డబ్బాలు, పత్తి విత్తనాల డబ్బాలు ఊరంతా తిరిగి పోగుచేసేదాన్ని. పెళ్లి శుభలేఖలు మా ఇంట్లో ఒక్కటీ పారేయనిచ్చేదాన్ని కాదు. వధూవరుల పేర్లు ఒకవైపు, బ్రేకు స్ప్రింగులు ఒకవైపు. నాయన కిరసనాయిల్లో ముంచి బ్రష్షుతో తోమి, "ఇగో, ఎడమ ముందు చక్రం, నాలుగు," అని అందిస్తే నేను రాసి, మెతుకులు నలిపి అంటించి, కొట్టం గోడ వెంబడి పేర్చేదాన్ని. మిగిలిపోయిన వాసర్లు నాకు అష్టాచెమ్మాలో కాయలయ్యేవి. ఆ రోజుల్లో ప్రపంచంలో నాకంటే గొప్ప ఉద్యోగం ఎవరికీ లేదనుకునేదాన్ని. ఆ మాట ఇప్పుడు రాయడానికి ఇష్టంగానే ఉంది, దాని తరువాతిది రాయడానికే చెయ్యి రావడం లేదు.

ఏడో తరగతికి నన్ను పక్క ఊరి పెద్ద బడిలో వేశారు. అక్కడ శైలజ నా పక్కన కూర్చునేది. వాళ్ల నాన్నకు కొత్త ట్రాక్టరు ఉంది, ఇంట్లో కంప్యూటరు వస్తుందని ఏడాదిగా చెబుతూ ఉండేది. మా ఊళ్లో జీపు సంగతి బడిలో ఎవరికి తెలిసినా ఒకటే నవ్వు. "మీ ఊరి గేదెలకు జీపు కొన్నరట గదా" అని ఒకడు, "అది ఇటుకల మీదనే ఉరుకుతదా" అని ఇంకొకడు. నా గోళ్ల సందుల్లో గ్రీజు నల్లగా ఉంటే బెంచీ కింద దాచుకునేదాన్ని. మెల్లమెల్లగా సాయంత్రాలు కొట్టంలోకి పోవడం తగ్గించాను. హోంవర్కు ఉందనేదాన్ని. నాయన ముక్కలు కడిగి ఒక పక్కన పేర్చి, ఆదివారం దాకా నా చీటీల కోసం ఆగేవాడు.

మా ఊరి దసరా అంటే బండ్ల పూజ. తొమ్మిదిరోజులూ తంగేడు, గునుగు, బంతిపూలతో బతుకమ్మలు పేర్చి పేర్చి పసుపెక్కిన వేళ్లతో, ఆ పొద్దున గారెల పిండి రుబ్బుళ్లు వింటూ, ఏట మాంసం పోగులు పడే చోటు నుంచి వచ్చే కేకలు వింటూ నిద్ర లేచేవాళ్లం. ఊళ్లో ఉన్న ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు కడిగి, పసుపు కుంకాలు పెట్టి, ముత్యాలమ్మ గుడి ముందు వరసగా నిలబెట్టేవాళ్లు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి గుమ్మడికాయ కొట్టాక, ఒక్కో బండి ఆ నిమ్మకాయలను తొక్కుకుంటూ హారను మోగిస్తూ గుడి చుట్టూ తిరిగి రావాలి. తిరిగితేనే అది బతికున్న బండి కింద లెక్క.

ఆ దసరాకు జీపు లేవాలని నాయన మొక్కుకున్నాడు. చాసీకి రంగైంది, ఒంటికి పచ్చరంగు పడింది, చక్రాలు ఎక్కాయి. సత్తుపల్లిలో యాకూబ్ మామ షెడ్డులో ఉన్న ఇంజనుకు మాత్రం ఏదో బేరింగు రాలేదు. ఇంకెవరైనా అయితే వచ్చే దసరా చూద్దామనుకునేవాళ్లు. మా నాయన ఎడ్లు కట్టాడు.

"ఈ పూజ దాటితే మల్ల నా మనసు జారుతదే," అన్నాడు అమ్మతో. "ఇంజను రాకుంటే ఏంది? బండి బండే గదా. నిమ్మకాయలు తొక్కితే చాలు."

ఇంజను లేని జీపును ఎడ్లు లాక్కుంటూ గుడి ముందుకు తెచ్చాయి. బంతిపూల దండ వేసుకొని, నుదుటి మీద కుంకుమతో, తెరిచిన బానెట్ లోపల ఖాళీగా. ఊరు ఊరంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదది, ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. పండుగ పూట నలుగురు నవ్వుకునే నవ్వే. నాయన కూడా నవ్వుతూనే ఉన్నాడు. నేను మాత్రం కొత్త లంగా జాకెట్టు వేసుకొని, జమ్మిచెట్టు దగ్గర శైలజ పక్కన నిలబడి ఉన్నాను. ఆ ఏడు వాళ్లు మా ఊళ్లో ఉన్న మేనమామ ఇంటికి పండుక్కి వచ్చారు.

"అది మీదేనా?" అంది శైలజ. వెటకారంగా కూడా అడగలేదు, ఊరికే అడిగింది.

"మాది గాదు," అన్నాను. అది చాలలేదు నాకు. "ఎవరిదో. మా నాయన కిరాయికి బాగుచేస్తున్నడు."

అంతలోనే ఎడ్లను విప్పేశారు. గుడి ముందు నేల కొంచెం పల్లంగా ఉంటుంది. వెనక నుంచి నాయన, ఇంకో ముగ్గురు నెట్టడానికి భుజాలు ఆనించారు. స్టీరింగు పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఆ సీటు నాదని నాయన రెండేళ్ల నుంచి చెబుతూనే ఉన్నాడు. జనం మీదుగా మెడ సాచి నా కోసం చూశాడు, చూసి చెయ్యెత్తాడు.

"బిడ్డా, జల్దీ రా! స్టీరింగ్ పట్టుకో!"

విన్నాను. రెండోసారి పిలిచినప్పుడు కూడా విన్నాను. జమ్మి ఆకులు కోసుకుంటున్నట్టు చెట్టు వైపు తిరిగాను. వెనకాల నిమ్మకాయలు టప్పున చిట్లాయి, జనం కేకేశారు, తరువాత ఆ కేక మారింది. నేను తిరిగేసరికి జీపు పల్లానికి పోతోంది. నాయన పక్క నుంచి ఒక చేత్తో స్టీరింగు అందుకోబోతూ పరుగెత్తుతున్నాడు. బ్రేకులింకా కలపలేదు. అది వానకాలువలోకి దిగి ఒక పక్కకు ఒరిగింది. ముందు లైటు పగిలింది, రంగేసి వారం కాని మడ్గార్డు వంగిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

శైలజ నా చెయ్యి పట్టుకొని అక్కడికి లాక్కుపోయింది. మంచి పిల్ల, పాపం. బురదలో మోకాళ్ల దాకా నిలబడి గాజుపెంకులు ఏరుతున్న మా నాయనతో, నిజంగానే బాధపడుతూ అంది.

"అయ్యో మామయ్యా, ఎవరి బండో గదా, వాళ్లేమంటరో ఏమో!"

నాయన తలెత్తాడు. ఆ పిల్లను చూశాడు, తరువాత నన్ను చూశాడు. ఎంతసేపో చూడలేదు. చేతిలోని పెంకులు గట్టు మీద పెట్టి, లుంగీకి చెయ్యి తుడుచుకున్నాడు.

"అవ్ బిడ్డా, ఎవరిదో," అన్నాడు. "మాది గాదు."

ఒక్క చెంపదెబ్బ కొట్టి ఉంటే ఆ రోజే తీరిపోయేది. నా అబద్ధాన్ని నలుగురిలో మోసి నన్ను కాపాడాడు. ఆ మాట ఎప్పుడు గుర్తొచ్చినా, ఆఫీసులో పదిమంది మధ్య ఉన్నా సరే, తల వంచుకుంటాను.

ఆ సాయంత్రం ఎడ్లు జీపును కొట్టంలోకి లాక్కొచ్చాయి. నాయన కాళ్లు కడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ అలవాటుగా గ్లాసు మీద మూత పెట్టుకొని నిలబడింది. "ఇటియ్యి," అని అందుకొని తాగేశాడు. కొట్టం వైపు పోకుండా చాయ్ తాగడం ఆ రెండేళ్లలో అదే మొదటిసారి. అమ్మ మూత చేతిలో పట్టుకొని అలాగే నిలబడింది. నేను లోపల గారెలు తింటున్నాను. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, ఐదు తిన్నాను.

దీపావళి దాటాక యాకూబ్ మామ మోటారు సైకిలు మీద వచ్చాడు. ఇంజను తయారైందన్నాడు. "నా షెడ్డుల జాగ తింటాంది సాంబన్నా. ఒక్క ఆదివారం రా, తెచ్చి బిగిద్దాం." నాయన మిర్చి పనులున్నాయన్నాడు. ఆ తరువాత పత్తి ఏరాలన్నాడు. "చేద్దాం తీ," అన్నాడు చివరికి, అని గడప దగ్గరున్న నా వైపు చూశాడు. అప్పుడు నేను చీటీలు రాస్తా నాయనా అని ఒక్క మాట అంటే మనిషి లేచేవాడు. నాకు ఆ మాట తెలుసు, నాలుక చివర్లో ఉంది. అంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మింగేశాను. ఓపిక అయిపోయి వదిలేశాడని ఊళ్లో అందరూ అనుకున్నారు. రోజుకొక్క నట్టుతో రెండేళ్లు నెట్టుకొచ్చిన మనిషికి ఓపిక ఎలా అయిపోయిందో ఆ కొట్టంలో గోడ వెంబడి పేర్చిన డబ్బాలకూ, నాకూ మాత్రమే తెలుసు.

జీపు మీద తాడిపత్రి పట్టా కప్పారు. దాని మీదికి మళ్లీ గడ్డిమోపులు ఎక్కాయి. నేను ఖమ్మంలో ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు ఒకరోజు ఫోన్లో నాయన, జీపును తుక్కు కింద ఇచ్చేశానని చెప్పాడు. "పోనీ తీ నాయనా, జాగ ఖాళీ అయింది," అన్నాను. అవ్, అన్నాడు.

ఇప్పుడా కొట్టం లేదు. మిర్చి కల్లాలున్న చోట ఆయిల్ పామ్ తోటలు నిలబడ్డాయి, ఇప్పపువ్వు వాసన ఊళ్లోకి రావడం మానేసింది. యాకూబ్ మామ పోయాడు. చేను కౌలుకిచ్చి అమ్మానాయనలు నా దగ్గరే ఉంటున్నారు. డబ్బా సంగతి అమ్మనడిగితే, తుక్కువాడు బండితో పాటు డబ్బాలన్నీ తీసుకుపోయాడనీ, ఇది ఒక్కటి మాత్రం నాయన ఇవ్వలేదనీ చెప్పింది. ఎందుకని అడిగిందట. "బిడ్డ రాత ఉంది," అన్నాడట.

నిన్న దసరా. నా కారు, కొన్నది ఈ ఏడాదే. ఫ్లాట్ల కింద నాయన తనే బొట్లు పెట్టి, వంగలేక వంగలేక నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు సర్దాడు. కొత్తగా వచ్చిన వాచ్‌మన్, "ఎవరిది సార్ బండి?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయన గట్టిగా, సెల్లారంతా వినబడేట్టు చెప్పాడు.

"మాదే. మా బిడ్డది."

నేను సీట్లో కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా అనాల్సిన మాట అనడానికి అద్దం దించాను కూడా. ఆయన ముందుకు వచ్చి, వెనక్కి తప్పుకుంటూ, అప్పటిలాగే చెయ్యెత్తాడు.

"స్టీరింగ్ పట్టుకో బిడ్డా," అన్నాడు.

పట్టుకున్నాను.