చింతగింజల కొలత

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మా నాయినతో నేను మాట్లాడిన ఆఖరి మాటలు ఇవి. "గోడ మీది చీమలు దులుపు బిడ్డా," అన్నాడు ఆయన. "చీమల్లేవు నాయినా," అన్నాను నేను. సున్నం గోడ మీద నిజంగానే ఏమీ లేవు. ఆయన కళ్లు మాత్రం వాటి వెంటే తిరుగుతూ ఉన్నాయి.

మేము అప్పుడు అమీర్‌పేటలో ఒక్క గదిలో ఉండేవాళ్లం. మా నాయిన సనత్‌నగర్‌లో రేకులు కోసే షెడ్డుకు పోయేవాడు. పొద్దున సారా పడకపోతే ఆయన చేతులు చాయ్ గ్లాసు కూడా పట్టేవి కావు. చివరికి తనే, నన్ను దవాఖానాకు తీసుకుపో అని మా అమ్మను అడిగాడు. ఇక కష్టాలు తీరాయనుకున్నాం.

పంజాగుట్టలో చిన్న దవాఖానా అది. అక్కడి నర్సమ్మ మాలాంటి చదువురాని వాళ్ల ముందు రెండు గిన్నెలు పెట్టేది. ఒకదాని నిండా చింతగింజలు, రెండోది ఖాళీ. ఎంత తాగుతావని అడిగేది కాదు. ఈ మూడు నెలల్లో తాగుడు వల్ల పని చెడిందా, ఎక్కడైనా పడ్డావా, ఇంట్లో చెయ్యి చేసుకున్నావా, తాగనినాడు మూర్ఛ వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగేది. ఔనంటే ఖాళీ గిన్నెలో గింజ వెయ్యాలి. తాగినవాడి తర్వాత ఇంటివాళ్లూ వెయ్యాలి. పడక ఇవ్వాలా, మాత్రలిచ్చి పంపాలా అన్నది డాక్టరు ఆ గింజలు చూసే తేల్చేవాడు.

మా నాయిన రెండు వేశాడు. మా అమ్మ ఒక్కటీ వెయ్యలేదు. మొగుడు కొట్టడం కూడా తాగుడు చేసిన నష్టమేనని ఆమెకు తోచనే లేదు. నర్సమ్మ నావైపు చూసింది. నేను గుప్పెడు గింజలు తీసుకున్నాను. నాకన్నీ తెలుసు. సారా లేని ఒక రోజు ఆయన గుమ్మంలో మూర్ఛ వచ్చి పడి కొట్టుకోవడం చూసింది నేనొక్కదాన్నే. మా నాయిన నవ్వి, "నా బిడ్డ నన్ను పట్టియ్యది సిస్టరమ్మా," అన్నాడు. ఆ మాటకు పొంగిపోయి గింజలన్నీ తీసినచోటే పోసేశాను.

నర్సమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "గిది చాడీ కాదు బిడ్డా. మీ నాయిన ఎంత లోతు బావిల పడ్డడో చూస్తున్నం. నువ్వు తక్కువ చెప్తే మేం పొట్టి తాడు ఏస్తం."

నేను మళ్లీ గిన్నె ముట్టలేదు. మాత్రలిచ్చి పంపారు. తాగుడు ఒక్కసారిగా మానిన మూడో రోజు ఆయనకు చీమలు కనబడ్డాయి. సాయంత్రానికి మూర్ఛలు మొదలయ్యాయి. రిక్షా దొరికేలోపే అయిపోయింది.

ఆ నర్సమ్మ మాట ఇన్నేళ్లూ నాలోనే ఉంది. అయినా ఏం లాభం? మా ఆయన పోయాక మధురానగర్‌లో నేనూ నా కొడుకూ ఉంటున్నాం. వాడు తాగుడు దాటి ఏవో మత్తు మాత్రలకు, పొడికి పోయాడు. నిన్న తనంతట తనే చికిత్సకు వస్తానంటే దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడి మేడమ్ నా చేతికట్టు చూసి, ఎట్లా విరిగిందని అడిగింది. బాత్రూంలో జారానన్నాను. వాడు నావైపు చూసి నవ్వాడు. అచ్చం మా నాయిన నవ్వే అది.

ఆమె నమ్మలేదేమో, ఇంట్లో నింపి తెమ్మని, అప్పటి నర్సమ్మ అడిగినలాంటి ప్రశ్నలే ఉన్న కాగితం ఇచ్చింది. అందుకే మా చెల్లె బిడ్డను కూర్చోబెట్టి ఇదంతా చెబుతున్నాను.

రాయి బిడ్డా. నా చెయ్యి వాడే విరిచాడు. పోయిన నెల వంటింట్లో నా మీదికి కత్తిపీట ఎత్తాడు. తర్వాత నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు, అది కూడా రాయి. రెండుసార్లు మత్తులో వాడికి ఊపిరి ఆగినట్టయి పెదాలు నల్లబడ్డాయి. నేను ఎవరికీ చెప్పలేదు. తల్లి మాట కదా అని ఏదీ మెత్తబరచకు. రేపు పొద్దున వాడికి పడక ఇచ్చేదీ లేనిదీ దీన్ని బట్టే. ఇప్పుడు మొదటి నుంచి ఒకసారి చదువు. ఇంకా ఏమైనా దాచానేమో వింటాను.