శత్రువు పట్టుకున్న కాలు

గత నెల ఒక ఆదివారం మా మనవరాలు పారాచూట్ గొడుగు కట్టుకుని విమానంలోంచి దూకింది. తను పనిచేసే ఆస్పత్రిలో పిల్లల వార్డుకి చందాలు పోగు చెయ్యడానికట. "నాన్నా, మీరైనా చెప్పండి, మీ మాటైతే వింటుంది" అని మా అమ్మాయి వారం పాటు పోరితే, సరేనని పిల్లని కూర్చోబెట్టాను కానీ, అది నవ్వి "బట్ యూ డిడ్ ఇట్, తాతయ్యా" అనేసరికి నేనూ చందా రాసేశాను. మేముండే కార్డిఫ్ నుంచి కారులో వెళ్లి, ఆ పచ్చిక మైదానం అంచున మడతకుర్చీల్లో కూర్చుని, మా అమ్మాయీ నేనూ ఆకాశంకేసి చూశాం. పిల్ల క్షేమంగానే దిగింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం దారి పొడవునా నేను రాజస్థాన్ ఎడారిలోనే ఉన్నాను.

నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, డాక్టరు చదువు అవగానే కొన్నేళ్లు సైన్యంలో చేసి, ఆ తర్వాత ఇంగ్లండు వెళదామనుకునేవాళ్లు మనలో చాలామందే ఉండేవారు. నన్ను పారా కమాండో దళానికి డాక్టరుగా వేశారు. కుర్రాళ్లు దూకే చోటికి డాక్టరు కూడా దూకే చేరాలని అక్కడికి వెళ్లాక గానీ నాకు తెలియలేదు. మా అమ్మకి మాత్రం మిలటరీ ఆస్పత్రిలో ఉద్యోగమనే రాసేవాణ్ణి.

ఆ చలికాలంలో మాకు ఒక పెద్ద అభ్యాసం పెట్టారు. ఎడారి నడుమ ఎప్పుడో వదిలేసిన విమానాల మైదానం ఒకటుంది, దాన్ని వేరే రెజిమెంటువాళ్లు శత్రువులుగా కాపలా కాస్తారు, మేము తెల్లవారేసరికి ఆకాశం నుంచి దిగి దాన్ని పట్టుకోవాలి, రన్‌వే బాగుచేశాక పెద్ద విమానాలొచ్చి వాలాలి. తుపాకుల్లో చప్పుడే తప్ప గుండు ఉండదు. మా మేజరు నెలల తరబడి ఇసుకతో ఆ మైదానం నమూనా కట్టించి, దాని చుట్టూ మమ్మల్ని తిప్పి తిప్పి నేర్పాడు.

విమానంలో నా పక్కన రేడియో మోసే జవాను కూర్చున్నాడు, నాయక్ హోదా, మేమంతా అలాగే పిలిచేవాళ్లం. పలాస దగ్గరివాడు. నలుగురిలో హిందీలో సాబ్ అనేవాడు, మేమిద్దరమే ఉంటే బాబూ అనేవాడు. తలుపు తెరవగానే నా మొహం చూసి, జేబులోంచి నాలుగు జీడిపప్పులు తీసి నా చేతిలో పెట్టి, "నమలండి బాబూ, బయం తగ్గుతాది" అన్నాడు. నమిలాను. తగ్గలేదు. దూకాను.

నేల దగ్గరపడేసరికి గాలి లేచింది. నేను మూటలా ఇసుకలో పడి బతికిపోయాను కానీ, అతని గొడుగు గాలికి ముడుచుకోక, రేడియో బరువుతో సహా అతణ్ణి రాళ్ల మీదుగా రన్‌వే అంచు దాకా ఈడ్చుకుపోయింది. నేను చేరేసరికి తొడ ఎముక విరిగి, మొహం సున్నం కొట్టినట్టుంది. అలాంటి దెబ్బకి రక్తం బయటికి కనబడకుండా తొడలోనే నిండిపోతుంది, కాలిని గుంజి పట్టుకుని ఉంచితేనే కాస్త ఆగుతుంది. కాలికి కట్టే చట్రం ఉన్న పెట్టె విడిగా పడి, గాలికి ఎటో కొట్టుకుపోయింది. నా రెండు చేతులతో పాదం పట్టుకు గుంజుతూ కూర్చుంటే మరి సూది ఎవరు వేస్తారు, సెలైన్ ఎవరు ఎక్కిస్తారు?

సరిగ్గా అప్పుడే గోడ చాటు నుంచి శత్రువులు ముగ్గురు తుపాకులు ఎత్తి, మమ్మల్ని బందీలుగా పట్టుకోవడానికి వచ్చారు. వాళ్లలో ఒకాయన, గుబురు మీసాలు, భారీ మనిషి, ఒక్క క్షణం చూసి తుపాకీ పక్కన పెట్టేసి నా ఎదురుగా చతికిలబడ్డాడు. "ఎంత గట్టిగా లాగాలో చెప్పండి సాబ్" అన్నాడు హిందీలో. చెప్పాను. పట్టుకున్నాడు.

విమానం దిగితే తప్ప మావాణ్ణి ఆస్పత్రికి చేర్చే దారి లేదు. రన్‌వే నిండా ఇసుక మేటలూ రాళ్లూ. అప్పటికి మావాళ్లు పట్టుకోవలసింది ఇక ఒక్క టవరే, ఇంకొంచెంలో గెలుపే. మా మేజరు వచ్చి నాయక్ మొహం చూసి, కాల్పుల మధ్యనుంచే నిటారుగా నడుచుకుంటూ అవతలి అధికారుల దగ్గరికి వెళ్లాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. కాల్పులు ఆగిపోయాయి. రెండు పక్షాలవాళ్లూ రన్‌వే పొడవునా బారులు తీరి, చేతులతో రాళ్లు ఏరుతూ, ఇనపటోపీలతో ఇసుక ఎత్తిపోస్తూ కనిపించారు.

ఎండ ఎక్కింది. మీసాలాయన చెమటతో తడిసి ముద్దయ్యాడు. తోటివాళ్లు మార్చుకుంటామన్నా తల అడ్డంగా ఊపాడు, అంతకుముందు ఒకసారి పట్టు కాస్త సడలినప్పుడు నాయక్ పెట్టిన అరుపు విన్నాడు మరి. మందు మత్తులో మావాడు కళ్లు తెరిచి, "మనోళ్లు గెలిసినారా బాబూ?" అన్నాడు. రన్‌వేకేసి చూశాను, దుమ్ములో ఎవరు ఎవరో నాకే తెలియలేదు. "గెలిచారు, పడుకో" అన్నాను.

విమానం వాలింది. మీసాలాయన పాదం వదలకుండానే స్ట్రెచరు వెంట లోపలిదాకా నడిచి, అక్కడున్న ఆస్పత్రి మనిషి చేతికి పాదం అప్పగించి, కిందికి దిగి తన తుపాకీ వెతుక్కోవడానికి వెళ్లిపోయాడు.

నాయక్ బతికాడు. కాలు కాస్త పొట్టిదైంది, మళ్లీ దూకలేదు, గొడుగులు మడిచే విభాగంలో పనిచేసి పింఛనుతో ఊరికి వెళ్లి జీడితోట పెట్టుకున్నాడు. నేను ఈ దేశం వచ్చి జీపీగా, అంటే కుటుంబ వైద్యుడిగా, వేల్స్‌లోనే స్థిరపడ్డాను. ఫోన్లు చౌకయ్యాక ఆదివారాలు మాట్లాడేవాడు, పంటలూ పిల్లలూ అయ్యాక ప్రతిసారీ ఒకటే అడిగేవాడు: "ఆ మీసాలాయన ఏటైపోనాడో, మీకేటైనా తెలిసిందా బాబూ?" తెలిసినవాళ్లందరినీ వాకబు చేశాను, ఎవరూ చెప్పలేకపోయారు. పోయిన చలికాలం నాయక్ వెళ్లిపోయాడని వాళ్లమ్మాయి ఫోన్ చేసింది.

ఈ కాలం పిల్లలు రైల్లో పక్కన కూర్చున్నవాళ్లని కూడా దిగేలోపు ఫోన్లో స్నేహితులుగా చేర్చేసుకుంటున్నారు, ఎవరినీ పోగొట్టుకోనక్కరలేదు వాళ్లకి. మన రోజుల్లో ప్రాణం నిలిపిన మనిషినైనా పేరు అడగాలని తోచేది కాదు. అడగవలసినవాణ్ణి నేనే, పక్కనే ఉన్నానుగా. ఎక్కడో ఒక ఊళ్లో ఆ ముసలాయన కూడా, ఆ రోజు తను పట్టుకున్న కాలు నిలిచిందో లేదో అని ఎప్పుడైనా అనుకుంటాడేమో. నిలిచిందని చెప్పడానికి ఇక నేనొక్కణ్ణే మిగిలాను.