ఆయన చెయ్యి ఎందుకు లేచిందో నాకు తెలుసు

డాక్టరమ్మకు నేను చెప్పిన ఒక్క మాట ఇన్నేళ్లుగా నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన ములకలపల్లి, దమ్మపేట మధ్య జీపు నడిపేవాడు. రెండువేల ఏడులో జీపు బోల్తా పడి తలకు దెబ్బ తగిలింది. పదకొండు రోజులు కళ్లు తెరవలేదు. తెరిచాక నన్ను గుర్తుపట్టాడు. దేవుడి ఆ దయకు ఈనాటికీ దీపం పెడుతూనే ఉన్నాను.

కొన్ని నెలలకు, మళ్లీ బండి నడపడం నేర్పుతామని హైదరాబాదు దవాఖానాకు పిలిచారు. కళ్లకు అద్దాల పెట్టె తగిలించి ఉత్తుత్తి స్టీరింగు ముందు కూర్చోబెట్టేవారు. అందులో రోడ్డు, లారీలు నిజమైనవిలా కనిపిస్తాయి. సొంత చేతులు మాత్రం కనపడవు. ఆయన చూసేది పక్కన టీవీలో మాకూ కనిపించేది. రోజురోజుకూ బాగా నడిపాడు. చివరి పరీక్షలో మాత్రం, చెట్ల మధ్య మలుపు వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి స్టీరింగు వదిలి గుండెను తాకింది. మూడుసార్లు.

డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది. "అమ్మా, చెయ్యి వదిలేసుడు ముందునుంచే ఉందా? పాత అలవాటైతే మాన్పిస్తం. దెబ్బతోటి వచ్చిందైతే ఇగ బండి ముట్టొద్దు."

"కొత్తదే మేడం. ఇంతకుముందు ఎన్నడూ చూడలే."

అబద్ధం. మా అడవి మలుపులో ముత్యాలమ్మ గద్దె ఉంది. అక్కడ గుండెకు చెయ్యి తాకించి దండం పెట్టకుండా పోయే జీపు డ్రైవరు మా వైపు లేడు. చెట్లు కనపడగానే ఆయన చెయ్యి తనకు తెలియకుండానే లేచింది. అంతే.

ఎందుకన్నాను? ఆయన బతకాలని. అదొక్కటేనా? మళ్లీ దవాఖానా వరండాలో పదకొండు రోజులు కూర్చునే ధైర్యం నాకు లేక, నా భయానికి ఆయన ప్రాణం పేరు పెట్టలేదూ? పైగా దేవుణ్ణి నమ్మినదాన్ని. దండాన్ని జబ్బు అన్నాను.

చెయ్యి పట్టు వదిలేస్తోందని మాత్రమే ఆయనకు చెప్పారు. నావైపు తిరిగి నవ్వబోయాడు. "ఏందే, నువ్వు ఇననట్టే నా చెయ్యి గూడ నా మాట ఇంటలేదంట. ఎవర్నన్న గుద్దకముందే తెలిసింది, నయం."

జీపు అమ్మేశాడు. దమ్మపేటలో ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడు. మొన్న మనవరాలిని ఎత్తుకోమని అందిస్తే రెండడుగులు వెనక్కి వేశాడు.

క్షమించమని అడగను. ఆయనకింకా చెప్పలేదు. చెప్పే ధైర్యం వస్తుందో రాదో. కానీ మా ఆయన చేతికి ఏ జబ్బూ లేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.