చెల్లెలి రికార్డు పుస్తకం

పెద్దమ్మకు పిల్లల్లేరు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ మిషన్ బడిలో టీచరుగా పనిచేసేది. మా ఇద్దరిలో ఒకరిని పెంచుకుంటానని మా ఊరు పిడుగురాళ్ల వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు, చెల్లికి ఆరు.

"చిన్నదైతే తొందరగా అలవాటు పడుద్ది" అని చెల్లిని తీసుకెళ్లింది.

అమ్మానాన్నలు సున్నపు బట్టీలో కూలీలు. మా ఇళ్లలో మాటకంటే ముందు చెయ్యి లేచేది. అబద్ధం ఎంత గబుక్కున ఆడితే అన్ని దెబ్బలు తప్పేవి. ఆ విద్య నాకు బాగా అబ్బింది. టెన్త్ తప్పాక నేనూ బట్టీ పనికే వెళ్లాను.

చెల్లి సెలవులకు వచ్చేది. ఎవరైనా కసిరినా నెమ్మదిగానే బదులిచ్చేది. వాడంతా దాన్ని చూసి మురిసిపోతుంటే నాకు కడుపు మండిపోయేది. నన్ను తీసుకెళ్లి ఉంటే ఆ నెమ్మది నాకూ వచ్చేది కాదా?

ఇంటర్ రెండో ఏడు ప్రాక్టికల్స్ ముందు వచ్చి, బాటనీ రికార్డులో బొమ్మలు వేసుకుంటూ కూర్చుంది. ఏడాది కష్టం అది. చెల్లి స్నానానికి వెళ్లగానే ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి బట్టీ మంటలో పడేశాను.

ఎంత వెతికినా దొరకలేదు. సంగతి తెలిసి పెద్దమ్మ వచ్చింది.

"నువ్వేనా అమ్మా?"

"నాకేం తెలుసు!" అన్నాను రెప్ప వేయకుండా.

పెద్దమ్మ అమ్మవైపు తిరిగి, "దీన్నీ తీసుకెళ్తానే" అంది.

"చెడిపోయిన పిల్లనేం చేసుకుంటావక్కా?"

"కొట్టేవాళ్లు లేనిచోట నిజం చెబుద్దేమో చూద్దాం."

బ్రాడీపేటలో మొదటి వారమే గాజు జగ్గు పగలగొట్టి, "నేను కాదు" అన్నాను. "ముందు చెప్పులేసుకో, కాళ్లకి గుచ్చుకుంటాయి" అంటూ పెద్దమ్మ చీపురు తెచ్చింది. అంతే.

నాలుగు నెలలు గడిచాయి. చెల్లి రికార్డు మళ్లీ రాసి పరీక్ష గట్టెక్కింది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ దానితో చెప్పేశాను.

"నీ రికార్డు నేనే తగలబెట్టానే."

"తెలుసక్కా. ఆ రోజు నీ చేతికి బొబ్బ చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నాన్న నిన్ను చంపేసేవాడు."

రోడ్డు మీదే ఏడ్చేశాను. పశ్చాత్తాపమనుకుని చెల్లి భుజం పట్టుకుంది. కొంత అదీ ఉంది. ఎక్కువ మాత్రం అసూయే. నాకంటే పదకొండేళ్ల ముందే పెద్దమ్మ ఇంటికి వెళ్లి, క్షమించడం కూడా నేర్చేసుకుంది.

తర్వాత టెన్త్ పాసయ్యాను. ఇప్పుడొక క్లినిక్‌లో పని. అబద్ధాలు ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. మొన్న చెల్లి మూడేళ్ల కూతురు పాలు ఒలకబోసి, ఎవరూ అడక్కముందే "నేనే" అంది, నవ్వుతూ. ఆ పసిదాన్ని చూసినా నాకు ఈర్ష్యే కలిగింది.