అరసవల్లి ఫ్రిజ్‌లో ఆడ న్యూట్

విజయనగరంలో మా ఇంటి గాజు తొట్టిలో ఒక మగ న్యూట్ ఉంది. న్యూట్ అంటే సాలమాండర్లలో చిన్న రకం. ఆకారం బల్లిది, చర్మం కప్పది, కాపురం నీళ్లలో, పొట్ట మాత్రం నిప్పుకణిక రంగు. అప్పట్లో జంట అని చెప్పి ఒకాయన నాకు అంటగట్టినవి రెండూ మగవేనని తర్వాత తేలింది. వాటిలో ఒకటి పోయిన వేసవి కరెంటు కోతలకి చచ్చిపోయింది. మిగిలినది చలికాలం వచ్చిందంటే చాలు, గాజులో తన నీడని చూసుకుని తోక ఆడిస్తూ సరసాలాడుతుంది. మొదట నవ్వొస్తుంది, కాసేపటికి చూడలేక లేచిపోతాను. దానికి వయసు మీద పడింది. ఈ చలికాలం జోడీ దొరక్కపోతే పిల్లల ఆశ వదులుకోవాల్సిందే. అందుకే, గుడ్లు పెడుతున్న ఆడదాన్ని అమ్ముతానని అరసవల్లి నుంచి సూరిబాబు అనే ఫ్రిజ్ మెకానిక్ కబురు పెడితే బయల్దేరాను.

నమ్మి మాత్రం కాదు. ఫోన్లో అతని వాలకమే నాకు నచ్చలేదు. ఫొటో పంపమంటే పంపడు. "ఎవులడిగినా పాత ఫ్రిజ్ బేరానికొచ్చేనని సెప్పండమ్మా. దాని పేరెత్తకండి," అంటాడు. దొంగసరుకు అమ్మేవాళ్లు తప్ప ఇలా ఎవరు మాట్లాడతారు? ఈశాన్య కొండల్లో దొరికే న్యూట్‌ని పట్టడం నేరం. అక్కడి దాన్నే తెచ్చి నా నెత్తిన రుద్దుతాడేమోనని ఒక భయం. రెండోది, ఈ జీవులకి చల్లటి నీళ్లు కావాలి. మన ఉక్కపోతలో ఏటా వాటిచేత గుడ్లు పెట్టించి పిల్లల్ని తీస్తున్నానంటే ఎలా నమ్మేది?

మీరూ ఇటు వెళ్లేట్టయితే ఆదివారం వద్దు. సూర్యుడి గుడికి వచ్చే జనంతో అరసవల్లిలో ఆటో కదలదు. నేను మంగళవారం పొద్దున్నే పాసింజర్ ఎక్కి చీపురుపల్లి, పొందూరు దాటి ఆమదాలవలసలో దిగాను. అంతా కలిపి గంట పైచిలుకు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డు ఉండేది ఈ స్టేషన్‌కే, ఊరు ఇంకా దూరం. షేర్ ఆటోలో శ్రీకాకుళం వెళ్లి, అక్కడ ఇంకో ఆటో మారాను. రెండో ఆటో డ్రైవరు నా ఒళ్లోని థర్మోకోల్ పెట్టెని అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

"దర్శనానికి ఆ పెట్టేటమ్మా? రొయ్యలేటి?"

"మందులు," అన్నాను.

"మందులైతే సల్లగా ఉండాల కదా. నీరు కారతన్నాదేటి మరి?" అన్నాడు. ఆడదాన్ని చల్లగా తేవడానికి లోపల పెట్టిన ఐసు సీసాలకి చెమట పట్టింది. సూరిబాబుని అనుమానిస్తూ వెళ్తున్న నేను డ్రైవరు దృష్టిలో అంతకంటే అనుమానాస్పదంగా ఉన్నానన్నమాట.

గుడి వీధి దాటాక రెండో సందులో ఇల్లు. వాకిట్లో చింతపండు ఒలుస్తున్న పెద్దావిడ ఇంటి యజమానురాలు. "ఏటమ్మా, ఎవులు గావాల?" అంది. నేను నోరు తెరిచేలోపే సూరిబాబు పరిగెత్తుకొచ్చి, "ఫ్రిజ్ బేరం అత్తా, ఫ్రిజ్ బేరం," అంటూ నన్ను పెరటి గదిలోకి లాక్కుపోయినంత పని చేశాడు. తలుపు వేశాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఆవిడ మీద బల్లి పడితే తలస్నానం చేసేదాకా ఎవరినీ ముట్టుకోదట. బల్లుల్లాంటివాటిని గదిలో పెట్టుకుని సాకుతున్నాడని తెలిస్తే సామాను వీధిలో ఉంటుందట.

గదిలో కూల్‌డ్రింకుల కొట్టు ఫ్రిజ్ ఒకటి, గాజు తలుపుకి దుప్పటి కప్పి, తాళం వేసి ఉంది. దుప్పటి తీశాడు. సీసాలుండే అరల్లో నీళ్ల డబ్బాలు. మీటరు పద్దెనిమిది డిగ్రీలు చూపిస్తోంది. పై డబ్బాలో నల్లటి ఒళ్లు, నిప్పురంగు పొట్ట. కొండజాతి కాదు, అది చూడగానే తెలిసింది. విదేశీ జీవిగా నమోదు చేయించిన కాగితం కూడా తెచ్చి చూపించాడు. నేను దాని మీద సీలుని గోటితో గీకి మరీ చూశాను.

"ఆడదేనని ఏంటి నమ్మకం?"

"గుడ్లు పెట్టింది కదమ్మా. అదిగో సూడండి."

నీళ్లలోని మొక్క కొమ్మకి ఒక ఆకు మడతపడి ఉంది. ఆడ న్యూట్ ఒక్కో గుడ్డునీ ఒక్కో ఆకులో పెట్టి, వెనక కాళ్లతో కిళ్లీలా మడిచేస్తుంది. ఇలాంటి మడత పుస్తకాల్లో చూడటమే గానీ కళ్లారా చూడలేదు. ఆశ పుట్టింది. ఆ వెంటనే, ఆకు మడవడం మనిషికి మాత్రం చేతకాదా అనిపించింది.

"ఏటా పిల్లల్ని తీస్తావన్నావు కదా. గుడ్డులోంచి వచ్చాక మొదట ఏం పెడతావు?"

"సేపల మేతేనమ్మా. గుళికలు."

దొరికాడు! కదిలే మేతని తప్ప అప్పుడే పుట్టిన న్యూట్ పిల్ల దేన్నీ ముట్టదు. వీడు జన్మలో ఒక్క పిల్లనీ పెంచలేదు. అది అబద్ధమైతే మడతా అబద్ధమే. అతను "అమ్మా, ఆగండి" అంటూనే ఉన్నాడు, నేను డబ్బాలో చెయ్యి పెట్టి ఆకు విప్పేశాను.

లోపల గాజుపూసంత జిగురు బొట్టు. దాని మధ్యలో వంకర తిరిగిన చిన్న ప్రాణి. ఒకసారి మెలిక తిరిగింది కూడా. ఆకు నుంచి ఊడి బొట్టు మెల్లగా కిందికి దిగుతుంటే, తల్లి వచ్చి గుటుక్కున మింగేసింది. గుడ్డు బయట కనిపిస్తే తల్లికది మేతే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే విప్పాను.

సూరిబాబు అరవలేదు. "ఏటా అని బడాయి సెప్పేను. ఇదే మొదలు. తీసి ఏరే డబ్బాలో ఎట్టినవన్నీ బూజట్టిపోయేయి. ఇదొక్కటి కదపకుండా తల్లికాడే ఉంచేను," అన్నాడు.

క్షమించమన్నాను. ఆడదాన్ని ఇమ్మని అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను.

"నాను సెప్పింది ఒక్క అబద్దం. మీరు అన్నీ అబద్దాలనుకున్నారు," అని తలుపు వేసి తాళం తిప్పాడు. "ఇవ్వనమ్మా. ఎల్లి రండి."

తిరుగు రైల్లో ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒకసారి మోసపోయినదాన్ని, జాగ్రత్తపడటం తప్పా అని నాలో నేనే వాదించుకున్నాను. ప్రశ్నలు అడిగినంతవరకూ అది జాగ్రత్తే. నేను అక్కడితో ఆగలేదు. అతను అబద్ధాలకోరని రుజువు చేసేయాలన్న ఆత్రంలో, పిల్లల ఆశతో వెళ్లిన నేనే, ఉన్న ఒక్క పిల్లనీ దాని తల్లికి మేతగా వేసి వచ్చాను. మా మగదానికి ఈ చలికాలమూ గాజులో నీడే జోడీ.

న్యూట్‌లు కొనడానికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. మడత నిజమో కాదో తేల్చుకోవడానికి ఆకు విప్పక్కర్లేదు. వెనక నుంచి సెల్ టార్చి వేస్తే చాలు, లోపల గుడ్డు, అందులో పిల్ల కదలడం కూడా కనిపిస్తాయి. నన్ను వీధి గుమ్మం దాకా సాగనంపుతూ సూరిబాబు చెప్పాడు.