మా అత్త ఇచ్చిన ఫిర్యాదు

మా మేనత్త గుండె ఆగి పోయిందని మొన్న పొద్దున భీమ్‌గల్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. ఆర్మూర్ బస్సెక్కాను. సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. దారి పొడవునా ఒకటే ఆలోచన: బాపు తన అక్కను చూడటానికి వస్తాడా?

అత్త కూడా కుదురుగా కూర్చునే మనిషి కాదు. చాయ్ నడుస్తూనే తాగేది. మా ఇంటి వెనక పల్లంలో ఆమె పసుపు చేను. తెల్లారేసరికి చీర ఎగదోపుకొని గట్ల మీద ఉండేది. మట్టైనా నీళ్లైనా గుప్పిట్లోకి తీసుకొని వాసన చూసేది.

బాపు కొత్త ఇల్లు కట్టినప్పుడు సెప్టిక్ ట్యాంకు ఖర్చెందుకని లెట్రిన్ పైపును తిన్నగా మోరీలోకి పెట్టించాడు. ఆ మోరీ అత్త చేను కాలువలో కలిసేది. కలుపు తీసే ఆడవాళ్ల కాళ్లకు పుండ్లు పడ్డాయి. అత్త ఎన్నోసార్లు వచ్చి చెప్పింది.

"అందరు ఇడుస్తలేరా అక్కా? నాదొక్కటే కండ్లవడ్డదా?" అనేవాడు బాపు.

చివరికి ఆమె మున్సిపాలిటీలో ఫిర్యాదు చేసింది. ఇంటి మురుగును శుద్ధి చేయకుండా బయటికి వదలడం చట్టరీత్యా నేరమని, జరిమానా పడుతుందని మా ఇంటికి నోటీసు వచ్చింది. ఆ చట్టం ఊళ్లో చాలామందికి తెలిసిందే. సొంత తమ్ముడి విషయంలో దాన్ని అమలు చేయమని అడిగింది మాత్రం ఆమె ఒక్కతే. బాపు మండిపోతూ ఆమె వాకిట్లోకి వెళ్లాడు. వెనకే నేను.

"సొంత తమ్ముని మీద కంప్లైంట్ ఇస్తవా?"

"నీ మీద ఇయ్యలే తమ్మీ, నీ పైపు మీద ఇచ్చిన. కూలికొచ్చినోళ్లు ఎవలికి చెప్పుకుంటరు?"

"ఇగ నీ గడప తొక్క."

"తొక్కకు. పైపు మాత్రం తియ్యి."

బాపు ట్యాంకు కట్టించాడు, ఇంకుడుగుంత తవ్వించాడు. మాట మాత్రం కలపలేదు. పెళ్లిళ్లలో ఆమె ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు.

"బాధ లేదా అత్తా?" అని ఒకసారి చేనులో అడిగాను.

"ఎందుకుండదు బిడ్డా? అట్లని మళ్ల పైపు పెట్టుమంటనా?" అని నాలుగడుగులు వేసి ఆగింది. "నీళ్లిప్పుడు వాసనొస్తలేవు. మీ బాపు మస్తు మంచిగ కట్టించిండు."

ఆ మాట బాపుకు చెప్పాను. అన్నం ముందు నుంచి లేచి బయటికి వెళ్లిపోయాడు.

అత్త ఇంటికి చేరేసరికి వాకిలి నిండా జనం. వాళ్లలో బాపు లేడు. వెతుక్కుంటూ వెనక కళ్లంలోకి వెళ్లాను. ఆమె ఉడికించి ఆరబోసిన పసుపు మధ్య వట్టి కాళ్లతో వంగి, రెండు చేతులా కొమ్ములను తిరగేస్తున్నాడు.

"బాపూ, అందరూ పిలుస్తున్నరు."

"వస్త. అక్క ఉంటే ఈపాటికి తిప్పేది," అన్నాడు తల ఎత్తకుండా.

అంచు దాకా వెళ్లాడు. అక్కడ ఒక్క క్షణం నిలబడి, మళ్లీ మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టాడు.