గీత దాటిన పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. నిన్న పొద్దున ఆమె కోడలు మా వాకిట్లోకి వచ్చి, "అక్కా, మా అత్త పొయ్యింది" అని అక్కడే కూలబడింది.

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఏళ్ల తరబడి చేపలు అమ్మిన మనిషి. మంచాల ఊరి బస్సు కోసం నిలబడ్డవాళ్లను వరసపెట్టి పిలిచి మరీ అంటగట్టేది. ఆ నోటికి కండక్టర్లు కూడా జడిసేవారు.

పార్కిన్సన్స్ జబ్బు వచ్చాక ముందు చేయి వణికింది. పట్నంలో మెదడులోకి సన్నని తీగలు పంపి, ఛాతీలో చిన్న మిషన్ అమర్చారు. "నా తలకాయల కరెంటున్నది, జర దూరముండున్రి" అని మమ్మల్ని నవ్వించింది. చేయి కుదురుకుంది గానీ కాళ్లు మాట వినలేదు. గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయేవి. తొందరపెడితే కసిరేది: "నేను వస్తనే ఉన్న, కాళ్లే వస్తలేవు!"

ఒకరోజు అలాగే గడపలో ఆగిపోయింది. ఎదురుగా కోడలు ముగ్గు గీత వేస్తోంది. పెద్దమ్మ చూపు దాని మీద పడింది, టక్కున కాలెత్తి దాటేసింది. ముగ్గు తొక్కొద్దని చిన్నప్పుడే నేర్చిన కాళ్లు మరి! దవాఖానలో అడిగితే, కళ్ల ముందు గీత ఉంటే కొందరికి అడుగు పడుతుందన్నారు. ఆనాటి నుంచి కోడలు మంచం దగ్గర మొదలుపెట్టి వాకిలి దాకా ముగ్గుపిండితో అడ్డగీతలు వేసేది. పెద్దమ్మ ఒక్కో గీతా దాటుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చుని, "గీత వెట్టిన చెయ్యి సల్లగుండ" అనేది.

మొన్న ఎండాకాలం వాళ్ల పాలివాళ్లలో ఒకాయన చనిపోయాడు. మైల ఉన్నన్నాళ్లు ఆ ఇంట ముగ్గు పడకూడదు. లోపల మాత్రం వేస్తానని కోడలు బతిమాలింది. పెద్దమ్మే ఒప్పుకోలేదు.

"సూతకంల ముగ్గా? నా కాళ్ల కోసం ఇంటికి కీడు తెస్తనా? దినాలయ్యేదాంక కూసుంట తియ్."

కూర్చుంది, మొండి మనిషి! బస్టాండులో పోలీసుకే జంకనిది మైలకు జంకింది. రంగు టేపు ముక్కలు అతికిస్తే సరిపోయేదని అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు తట్టి ఏం లాభం? దినాలయ్యాక గీతలు మళ్లీ పడ్డాయి గానీ, కదలని కాళ్లలో సత్తువ మిగల్లేదు. ఆమె మళ్లీ మా అరుగు ఎక్కలేదు.

ఇవాళ వాళ్లింటి ముందు ముగ్గు లేదు. ఈసారి మైల ఆమెదే. పొద్దున చాయ్ పట్టుకుని వెళ్లాను. ఇల్లంతా కడిగేశారు, బండల మీద ఒక్క గీత కూడా మిగల్లేదు. నన్ను చూసి, ఖాళీ మంచం పక్క నుంచి కోడలు లేచింది. లేని గీతలను ఒక్కొక్కటే కాలెత్తి దాటుకుంటూ గడప దాకా వచ్చింది.